ముందు బేరం, ఆ తర్వాతా కాగితాలు?

ఐర్లాండ్ గృహనిర్మాణ, స్థానిక పాలన, వారసత్వ శాఖల మంత్రి
గౌరవనీయులు జేమ్స్ బ్రౌన్ గారికి,



మీకు తెలుగు రాదని తెలిసే తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే మర్యాదలకే సగం పేజీ పోతుంది. పైగా ఈ ఉత్తరం మీరు చదవడం ఎంత అవసరమో, రేపో మాపో ఇక్కడ ఇల్లు కొనబోయే మా తెలుగువాళ్లు మీ భుజం మీంచి తొంగిచూసి చదవడమూ అంతే అవసరం. మీ ఆఫీసులో అనువాదకులు దొరక్కపోరు. లేకపోతే పొద్దున ఎనిమిదిన్నరకి గ్రీన్ లైన్ లూవాస్ ట్రామ్ ఎక్కండి. శాండీఫోర్డ్ స్టేషన్‌కి చేరేలోగా మీకు ఇది చదివిపెట్టే తెలుగువాడు ఒకడైనా తగులుతాడు.

శాండీఫోర్డ్ ఐరిష్ పేరుకు ఇసుక రేవు అని అర్థమట. డబ్లిన్ కొండల కింద ఉండే ఆ చిన్న ఊరి పక్కన మొదట పారిశ్రామిక వాడ వచ్చింది, తర్వాత గాజు భవనాలు వచ్చాయి. 1958 ఆఖర్లో మూతపడ్డ హార్‌కోర్ట్ స్ట్రీట్ రైలు దారి మీదే 2004 జూన్‌లో లూవాస్ నడపడం మొదలుపెట్టారు. మైక్రోసాఫ్ట్, వోడాఫోన్, మాస్టర్‌కార్డ్, బీకన్ ఆసుపత్రి, అన్నీ ఈ చుట్టుపక్కలే. ఉద్యోగం ఇక్కడ, బడి ఇక్కడ, ట్రామ్ ఇక్కడ. ఇంకేం, మావాళ్ల కళ్లన్నీ ఈ లైను పొడుగునా ఉన్న ఇళ్ల మీదే. మావే ఏం ఖర్మ, అందరి కళ్లూ.

మీరు రాజకీయాల్లోకి రాకముందు బారిస్టరు. కాగితం విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా నాది ఎక్కడి పాఠమో చెప్పాలి. మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా చిన్న బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇంకు డబ్బా. ముప్ఫై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల ఇళ్లూ పొలాలూ ఆయన చేతిరాతలోంచే చేతులు మారాయి. ఎవరైనా వచ్చి "బాబాయ్, ఫలానా ఇల్లు చూశాం, ధర కుదిరేట్టుంది" అంటే ఆయన తల ఎత్తకుండానే అనేవాడు: "ధర సంగతి తర్వాత. లింకు డాక్యుమెంట్లు ఏవీ? ఈసీ తీశారా?" కాగితాలు చూశాకే బేరం, బేరం కుదిరాకే బయానా. బయానా చేతిలో పడి అగ్రిమెంటు రాసుకున్నాక వెనక్కి పోవడం అంటే ఊళ్లో పరువు పోవడం, కోర్టు మెట్లు ఎక్కడం.

మా దగ్గర అంతా సవ్యంగా ఉందని అనను. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేసిన మహానుభావులు మా జిల్లాలోనే ఉన్నారు. వాళ్ల కేసులే నాన్నకి సగం పని. కాని వరస మాత్రం అది. మీ దేశంలో వరస తిరగబడింది. ముందు బేరం. ఆ తర్వాత కాగితాలు. బేరానికీ సంతకానికీ మధ్య నెలల తరబడి గాలిలో వేలాడే ఒక స్థితి. దానికి మీరు పెట్టిన పేరు "సేల్ అగ్రీడ్".

మాకు జరిగింది చెప్తాను. ఎవరి పేరూ చెప్పను, ఎందుకంటే తప్పు ఏ ఒక్కరిదీ కాదు, వరసది. ట్రామ్‌కి నడిచివెళ్లేంత దూరంలో మూడు పడకగదుల సెమీ-డిటాచ్డ్ ఇల్లు. ప్రకటనలో "మూడు ప్లస్ అటక గది". శనివారం చూపించారు, పదిహేను నిమిషాలు. వీధి దాకా క్యూ. సోమవారం నుంచి ఫోన్ల మీద పాట. అవతల పాడేది ఎవరో మాకు తెలియదు, నిజంగా ఉన్నారో లేదో కూడా తెలియదు. ఏజెంటు మాటే సాక్ష్యం. పన్నెండు రోజులకు మా పాట దగ్గర ఆగింది, "కంగ్రాచ్యులేషన్స్, సేల్ అగ్రీడ్" అన్నారు. బుకింగ్ డిపాజిట్ కట్టాం. ఇంటి ముందు బోర్డు మీద కొత్త పట్టీ అతికించారు. ఆ బోర్డు పక్కన నిలబడి నాన్నకి వీడియో కాల్ చేశాను.

"బయానా ఇచ్చేశారుగా, ఇంక మీదే" అన్నాడాయన.

అక్కడే ఆయనా, ఆయన్ని నమ్మి నేనూ పప్పులో కాలేశాం. ఈ ఉత్తరాన్ని తొంగిచూసి చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఇది గట్టిగా వినండి: బుకింగ్ డిపాజిట్ బయానా కాదు. అది మిమ్మల్నీ కట్టెయ్యదు, వాళ్లనీ కట్టెయ్యదు. ఏజెంటు ఇచ్చే రసీదులోనూ, లాయర్ల ఉత్తరాల్లోనూ "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అన్న ముక్క ఉంటుంది. దాని అర్థం, సంతకాలయ్యేదాకా ఎవరూ ఎవరికీ ఏమీ కారు. ఇరుపక్షాలూ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి మార్చుకున్న రోజు నుంచే ఇద్దరూ కట్టుబడతారు. మామూలుగా పది శాతం కట్టేదీ ఆ రోజే. మన బయానాకి దగ్గరగా వచ్చేది అదే. అప్పటిదాకా పాలు పొంగించే ముహూర్తం పెట్టించకండి. నేను పెట్టించాను.

తర్వాత పదకొండు వారాలు. సర్వేయరుకి డబ్బు, బ్యాంకు పంపే వాల్యుయేషన్‌కి డబ్బు, లాయరు చేతికి ఫైలు. అటక గదికి సర్టిఫికెట్ ఏదని మా లాయరు అడిగాడు. జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. మా ఊళ్లో అటక మీద ఆవకాయ జాడీలు, పెళ్లిళ్లకి వాడే ఇత్తడి గంగాళాలు పెడతాం. ఇక్కడ మెట్లు వేసి, కిటికీ పెట్టి దాన్ని గది చేస్తారు. మంచిదే. కాని పైకప్పు ఎత్తు, మెట్లు, మంటలు లేస్తే బయటపడే దారి, ఇవన్నీ భవన నిబంధనల ప్రకారం ఉన్నాయని ఆర్కిటెక్టో ఇంజనీరో రాసివ్వాలి. ఆ కాగితం లేకపోతే చట్టం దృష్టిలో అది పడకగది కాదు, సామాన్ల గది. ఆ కాగితం లేదని ఆ ఇంటి యజమానికి గది కట్టించిన నాడే తెలుసు. మాకు మాత్రం తొమ్మిదో వారంలో తెలిసింది. సరే, ధర తగ్గించండి అనబోతుండగానే ఏజెంటు ఫోన్ చేసి వేరే పార్టీ ఎక్కువ ఇస్తున్నారని చెప్పాడు. డిపాజిట్ పైసాతో సహా వెనక్కి వచ్చింది. సర్వేయరుకి ఇచ్చింది రాలేదు. వాల్యుయేషన్‌కి ఇచ్చిందీ రాలేదు. ఆరు నెలలకని బ్యాంకు ఇచ్చిన అప్పు అనుమతిలో సగం కాలం కరిగిపోయింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "వాళ్ల దగ్గర దస్తావేజు రాసేవాళ్లు లేరా అమ్మా?"

ఉన్నారు మంత్రిగారూ, బోలెడుమంది. పైగా ఇక్కడొక చిత్రం ఉంది. పూర్వం కాంట్రాక్టు సంతకాల తర్వాత టైటిల్ లోతుగా చూసేవారు. 2019 జనవరి నుంచి లాయర్ల సంఘం తన ప్రామాణిక అమ్మకపు షరతులను మార్చి, ఆ పరిశీలన అంతా సంతకాలకు ముందుకు జరిపింది. కొనేవాడికి మేలు చేద్దామనే. కాని ఆ పరిశీలన బేరానికి ముందుకి రాలేదు, బేరానికీ సంతకానికీ మధ్యలో వచ్చి కూర్చుంది. దాంతో ఎవరూ ఎవరికీ కట్టుబడని కాలం ఇంకా పొడుగైంది. ఆ కాలంలో ఖర్చంతా కొనేవాడిది, స్వేచ్ఛంతా అమ్మేవాడిది. ధరలు పెరిగే ఊళ్లో ఇలాంటి సందు వదిలితే దాంట్లోంచి ఎవరు దూరతారో బారిస్టరు గారికి నేను చెప్పాలా?

మందు కూడా కొత్తది కాదు. స్కాట్లాండులో 2008 డిసెంబరు నుంచి ఇల్లు మార్కెట్లో పెట్టేముందే అమ్మేవాడు హోమ్ రిపోర్టు తయారు చేయించాలి. ఇంటి స్థితి, విలువ, ఇంధన వివరం, యజమాని జవాబులు అన్నీ అందులో ఉంటాయి. మీ దేశంలోనూ 2021లో అమ్మేవాడు ముందే సిద్ధం చేయాల్సిన కాగితాల లీగల్ ప్యాక్ గురించి ఒక బిల్లు పార్లమెంటు దిగువ సభ డాయిల్ ముందుకు వచ్చింది. తెచ్చింది స్వతంత్ర సభ్యురాలు మారియన్ హార్కిన్. ఆమె ఇప్పుడు మీ ప్రభుత్వంలోనే సహాయ మంత్రి. ఏజెంట్లను నియంత్రించే ప్రాపర్టీ సర్వీసెస్ రెగ్యులేటరీ అథారిటీ మీ శాఖ కింద లేదు, న్యాయ శాఖ కింద ఉందని మీరు అనవచ్చు. నిజమే. కాని మీరు ఈ కుర్చీలోకి వచ్చింది ఆ న్యాయ శాఖలో సహాయ మంత్రిగా ఉండి కాదూ?

చట్టం వచ్చేదాకా కొనేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేరు గనక నాలుగు మాటలు. ఫోలియో అనేది మన అడంగల్, ఈసీ కలిసినట్టుండే కాగితం: ఇంటి యజమాని ఎవరు, దాని మీద అప్పేమైనా ఉందా, హద్దులేమిటి. రిజిస్టరైన ఆస్తి అయితే టైల్టా ఏరన్ అనే భూ రికార్డుల సంస్థ దగ్గర ఐదు యూరోలకు ఎవరైనా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. పాటలో దిగకముందే తీయండి. అక్కడ ముగ్గురు అన్నదమ్ముల పేర్లుంటే ముగ్గురి సంతకాలూ కావాలని అర్థం. వెనక వంటగదిని పెంచి ఉంటే ఎంత పెంచారో అడగండి. ఇంటి వెనక మొత్తం నలభై చదరపు మీటర్ల దాకా, మరికొన్ని షరతులతో, ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. దాటితే అనుమతి కాగితం ఉండాలి. ప్రాపర్టీ ప్రైస్ రిజిస్టరులో 2010 నుంచి అమ్ముడైన ఇళ్ల ధరలున్నాయి. ఆ వీధిలో ఇళ్లు ఎంతకి పోయాయో చూశాకే పాట పాడండి. ఒక్క జాగ్రత్త: కొత్త ఇళ్లకి అందులో కనిపించే ధరలో వ్యాట్ కలిసి ఉండదు. దాన్ని చూసి "మనకే ఎక్కువ చెప్తున్నారు" అని బిల్డరు మీద విరుచుకుపడ్డవాణ్ణి నేనెరుగుదును. మా ఆయనే.

డబ్బు లెక్క దాచను. ఆరు లక్షల యూరోల పాత ఇల్లు అనుకోండి. పది శాతం చేతిలోంచి, అంటే 60,000. మిగతా 5,40,000 అప్పు. కేంద్ర బ్యాంకు నిబంధన ప్రకారం మొదటిసారి కొనేవాళ్లకు ఆదాయానికి నాలుగు రెట్లే అప్పు. అంటే మొగుడూ పెళ్లాల జీతాలు కలిపి ఏడాదికి 1,35,000 ఉండాలి. స్టాంపు డ్యూటీ ఒక శాతం, 6,000. లాయరు, సర్వేయరు, ఇన్సూరెన్సు వేరే. మీ హెల్ప్ టు బై పథకం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే అది కొత్త ఇళ్లకే, అదీ ఐదు లక్షల లోపు ధరకే. ఈ లైను మీద ఐదు లక్షల్లో కొత్త కుటుంబ ఇల్లు ఎక్కడుందో చూపిస్తే మా ఇంటికి భోజనానికి పిలుస్తాను, గోంగూర పచ్చడితో. ఇంకో మెలిక: ఆ పథకం కింద ఇచ్చేది గడిచిన నాలుగేళ్లలో ఇక్కడ కట్టిన పన్నులోంచే. నిరుడు హైదరాబాదు నుంచి దిగినవాడు కట్టిందెంత, వెనక్కొచ్చేదెంత! వాడు ఇంకా వర్క్ పర్మిట్ మీద ఉంటే అప్పు సంగతి బ్యాంకు బ్యాంకుకీ మారుతుంది. ఒక బ్యాంకు కాదంటే అక్కడితో ఆగిపోకండి.

ఇంత పోయలేనివాళ్లు అపార్ట్‌మెంటు వైపు చూస్తారు. శాండీఫోర్డ్‌లో వాటికి కొదవ లేదు. చాలావరకు 2000 తర్వాతి పొంగులో లేచినవి. ఆ పొంగు 2008లో చల్లారినప్పుడు పద్నాలుగు అంతస్తుల సెంటినెల్ భవనం కాంక్రీటు అస్థిపంజరంలా మిగిలిపోయి, పదేళ్లకు పైగా ఈ ప్రాంతానికి దిష్టిబొమ్మలా నిలబడింది. అది పైకి కనబడే గాయం. కనబడనివి ఇంకా ఉన్నాయి. మీ శాఖ వేసిన కమిటీయే 2022 జూలైలో చెప్పింది: 1991 నుంచి 2013 మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో 62,500 నుంచి లక్ష దాకా లోపాలుండవచ్చని, బాగుచేయడానికి ఫ్లాటుకు సగటున 25,000 యూరోలు పడుతుందని. లోపాలంటే గోడ మీద పగుళ్లు కావు. మంట ఒక ఫ్లాటు నుంచి ఇంకో ఫ్లాటుకి పాకకుండా ఆపే అడ్డుగోడల్లో ఖాళీలు, లోపలికి దిగే నీళ్లు, కట్టడపు బలహీనతలు. ఖర్చు భరించే చట్టం తెస్తామని 2023 జనవరిలో మంత్రివర్గం ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో అత్యవసర అగ్నిభద్రత పనులకు తాత్కాలిక పథకం తెరిచారు. సంతోషం. కాని ఇవాళ ఫ్లాటు చూడటానికి వెళ్లినవాడికి తెల్లటి గోడ తప్ప ఏం కనిపిస్తుంది?

అందుకే ఫ్లాటు కొనేవాళ్లు గోడలు కాదు, లెక్కలు చూడాలి. మన అపార్ట్‌మెంటు అసోసియేషన్ లాంటిదే ఇక్కడ యజమానుల మేనేజ్‌మెంట్ కంపెనీ. ఫ్లాటు కొంటే అందులో సభ్యులవుతారు, ఖర్చుల్లోనూ పాలుపంచుకుంటారు. 2011 చట్టం ప్రకారం పెద్ద మరమ్మతుల కోసం ప్రతి కంపెనీకీ సింకింగ్ ఫండ్ ఉండాలి. ఫ్లాటుకు ఏడాదికి 200 యూరోలు, లేదా సభ్యులు మీటింగులో ఒప్పుకున్న మొత్తం. మన ఊళ్లో మెయింటెనెన్స్ తక్కువ అంటే మురిసిపోతాం. ఇక్కడ తక్కువ అంటే భయపడాలి. లిఫ్టు ఆగిన రోజు, పైకప్పు కారిన రోజు ఆ తక్కువంతా ఒకేసారి బిల్లు రూపంలో మీ తలుపు తడుతుంది. నిధిలో ఎంత ఉంది, గత మూడేళ్ల మీటింగుల్లో ఏం గొడవ జరిగింది, అగ్నిభద్రత మీద రిపోర్టు వచ్చిందా, ప్రత్యేక వసూలు ఏదైనా తల మీద వేలాడుతోందా, భవనానికి ఇన్సూరెన్సు ఎలా ఉంది. లాయరు చేత రాతపూర్వకంగా అడిగించండి. జవాబు నానిస్తే అదే జవాబు.

కొండ పక్కన ఉన్నాం గనక రాడాన్ గురించి కూడా. మన దగ్గర ఎవరూ దీని పేరే విని ఉండరు. కొండ పైన బార్నకలియా ఊళ్లో తరాలుగా కొట్టిన గ్రానైటే ఈ నేల అడుగునా ఉంది. దాంట్లోంచి రంగూ వాసనా లేని వాయువు ఇంట్లోకి పాకుతుంది. ఈ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగ తర్వాత పెద్ద కారణం అదేనంటారు. పర్యావరణ సంస్థ పటంలో మీ వీధి చూసుకోండి. కొన్నాక మూడు నెలల పరీక్ష చేయించండి. ఎక్కువ వచ్చినా ఇల్లు వదలక్కర్లేదు, నేల కింద నుంచి గాలి లాగే ఏర్పాటుతో తగ్గుతుంది.

వాస్తు ఎత్తకుండా ఉత్తరం ముగిస్తే మా అత్తగారు ఒప్పుకోరు. ఇక్కడి ప్రకటనల్లో "సౌత్ ఫేసింగ్" అని గొప్పగా రాస్తారు. ఆవిడ గుండె గుభేలుమంది, దక్షిణ ముఖమా అని. తీరా చూస్తే అది ఇల్లు కాదు, వెనక తోట. ఎండ కరువైన దేశంలో తోట దక్షిణానికి తిరిగి ఉండటం పెద్ద వరం. తోట దక్షిణానికి ఉంటే వీధి గుమ్మం ఉత్తరానికి. ఉత్తరం కుబేర స్థానం! ఈ ఒక్క సంగతిలో మీ ఎండా మా వాస్తూ ఒక మాట మీద ఉన్నాయి.

అమ్మేవాళ్లలో ఇప్పుడు మావాళ్లూ ఉన్నారు. మొదట కొన్న ఫ్లాటు అమ్మి ఇంటికి మారేవాళ్లు. వాళ్లకు ఒక్కటే చెప్తాను. బోర్డు పెట్టకముందే లాయరు దగ్గరికి వెళ్లండి. బ్యాంకు నుంచి దస్తావేజులు తెప్పించండి, ఇంటి ఇంధన వినియోగం చెప్పే బీఈఆర్ సర్టిఫికెట్ తీయండి, ఆస్తి పన్ను బకాయి లేకుండా చూసుకోండి, మేనేజ్‌మెంట్ కంపెనీ కాగితాలు ఒక సంచిలో పెట్టండి. అటక గది ఉంటే దాని కాగితం కూడా. లేకపోతే లేదని ముందే చెప్పండి. మనకు జరిగింది ఇంకొకరికి చేయకూడదు.

మంత్రిగారూ, మీరు ఇళ్లు ఎన్ని కడతారన్న చర్చ రోజూ పేపర్లో చదువుతున్నాను. అది పెద్ద పని, ఏళ్లు పడుతుంది. నేనడిగే దానికి ఒక్క ఇటుక అక్కర్లేదు. ఇల్లు అమ్మకానికి పెట్టే రోజునే ఫోలియో, అనుమతులు, సర్టిఫికెట్లు, మేనేజ్‌మెంట్ లెక్కలు చూడవచ్చేవాడి ముందుండాలని ఒక నిబంధన. "సేల్ అగ్రీడ్" అన్నాక ఇన్ని రోజుల్లో సంతకాలు కావాలని ఒక గడువు. ఆ గడువులో కారణం లేకుండా తప్పుకున్నవాడు, అమ్మేవాడైనా కొనేవాడైనా, అవతలివాడి సర్వే ఖర్చు ఇచ్చుకోవాలని ఒక షరతు. హార్కిన్ గారిని పిలిచి ఆ పాత బిల్లు మళ్లీ బల్ల మీద పెట్టించండి.

వచ్చే శనివారం లెపర్డ్స్‌టౌన్ వైపు ఇంకో ఇల్లు చూడబోతున్నాం. దాని ఫోలియో నిన్న రాత్రే తీశాను. నాన్నకి వాట్సాప్‌లో పంపాను, చదువుతున్నాడు.

ఇట్లు,
శాండీఫోర్డ్‌లో అద్దెకుంటున్న
ఒక దస్తావేజు లేఖరి కూతురు